జున్ను వింటుంది
(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

నేను వంతెనల డిజైన్ గురించి మాట్లాడతానని కమిటీ వాళ్ళు అనుకున్నారు. అది కావలసినవాళ్ళకు భోజనాల దగ్గర చెబుతాను. నేనుండేది అమెరికాలో సియాటిల్ దగ్గర. అక్కడ ఆరేళ్ళుగా నెలకు రెండు శనివారాలు మా కుక్కతో కలిసి ఒక పని చేస్తున్నాను. మాస్టార్ల ముందు చెప్పదగ్గ పని అదేననిపించింది.

కుక్క పేరు జున్ను. లాబ్రడార్. రంగు చూసి మా ఆవిడ పెట్టిన పేరు. అక్కడివాళ్ళు ‘జూనూ’ అంటారు. ఎలా పిలిచినా పలుకుతుంది. మేమిద్దరం కలిసి ఒక ‘థెరపీ టీమ్’. చూపులేనివారికి దారి చూపే సర్వీస్ కుక్కలు వేరు. వాటిని హోటల్లోకైనా బస్సులోకైనా రానివ్వాలని అక్కడ చట్టముంది. జున్నుకు ఆ హక్కు లేదు. పిలిచిన ఆసుపత్రికో, వృద్ధాశ్రమానికో, బడికో వెళ్ళి పరాయివాళ్ళ పక్కన కూర్చుని రావడమే దాని పని.

1977లో పోర్ట్‌లాండ్‌లో డెల్టా ఫౌండేషన్ పేరుతో మొదలై, ఇప్పుడు పెట్ పార్ట్‌నర్స్ అయిన సంస్థ మాకు పరీక్ష పెట్టింది. ముందు నాకు పాఠాలు, తర్వాత ఇద్దరికీ కలిపి పరీక్ష. ముక్కూమొహం తెలియని మనుషులు ఒక్కసారిగా చుట్టూ చేరి నిమురుతారు. వెనకాల ఏదో ధడాలున పడేస్తారు. ఒకాయన కోపంగా కేకలు వేస్తాడు. కుక్క బెదరకూడదు. కానీ మార్కులు దానికొక్కదానికే కాదు. దాని ఇబ్బందిని నేను ముందే పసిగట్టానా, అడ్డు నిలబడ్డానా అని నన్నూ చూస్తారు. రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష. రోజుకు రెండు గంటలు మించి పని చేయించకూడదు. తాడు నా చేతిలోంచి వదలకూడదు.

మేము ఎక్కువగా వెళ్ళేది గ్రంథాలయానికి. చదవడంలో తడబడే పిల్లలు అక్కడ కుక్కకు కథ చదివి వినిపిస్తారు. 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైన పద్ధతి ఇది. మొదట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత, ఎనిమిదో తరగతిలో తెలుగు వాచకం పట్టుకుని నిలబడిన మా స్నేహితుడు గుర్తొచ్చాడు. నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు, వెనక బెంచీల్లో కిసుక్కుమనేవారు. తొమ్మిదో తరగతికి వాడు రాలేదు.

గ్రంథాలయంలో ఏడేళ్ళ పిల్లవాడొకడు వరసగా మూడుసార్లు ఒకే పేజీ తెచ్చాడు. నేను తప్పు దిద్దకూడదు. మరీ చిక్కుబడితే, “ఈ మాట జున్నుకు అర్థం కాలేదట, బొమ్మ చూపించి చెబుతావా?” అనాలి. అప్పుడు వాడు మాస్టారవుతాడు. మూడోసారి జున్ను పుస్తకం మీద తల పెట్టి పడుకుంది. వాడు దాని చెవి మెల్లగా పక్కకు తీసి, కింది వరస చదివి పేజీ తిప్పాడు. వాడి చదువు కుక్క వల్లే బాగుపడిందని నేననను. రోజూ కష్టపడే టీచరుంది. నేను చూసింది వాడు పేజీ తిప్పడం వరకే.

జున్నుకిప్పుడు తొమ్మిదేళ్ళు. అరగంటకే ఆవలిస్తోంది, మూతి నాకుతోంది, మొహం పక్కకు తిప్పుతోంది. చూసేవాళ్ళకు అది నిద్రలా కనిపిస్తుంది. ‘ఇక చాలు’ అని అది చెప్పే తీరు అదే. రెండేళ్ళ గడువు మార్చిలో తీరుతుంది. మళ్ళీ పరీక్షకు తీసుకెళ్ళను. మా ఆవిడకు ఇది ఇష్టం లేదు, పిల్లలు ఎదురుచూస్తారంటుంది. ఆమె మాటా నిజమే. కానీ చాలని చెప్పలేని దాని తరఫున చెప్పవలసింది నేనే.

మన బడికి కుక్కను తెమ్మని అడగడం లేదు. కుక్కంటే మన తరానికి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లే గుర్తు. ఇప్పటి పిల్లలకూ వీధికుక్కల భయం ఉంది. కుక్క లేకుండానే మొదలుపెడదాం. నేనిక్కడ మూడు వారాలుంటాను. హెడ్మాస్టరు గారినడిగి లైబ్రరీ గది తాళం తీసుకున్నాను. ఆరో తరగతిలో చదవడానికి జంకే పిల్లలు తొమ్మిదిమంది ఉన్నారని టీచరు గారు చెప్పారు. శనివారం నాలుగు గంటలకు వస్తారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కరం కూర్చోవాలి, దిద్దకుండా వినాలి. నాతో కలిపి ఇప్పటికి నలుగురమయ్యాం. ఇంకా ఐదుగురు కావాలి.