కుడిపక్క వినండి

డాక్యుమెంటరీ చూస్తారు కదా, ఈ రోజు దాని స్క్రిప్టును చెవిపెట్టి వినమని అడగడానికి వచ్చాను.

స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేస్తారు. ఎడమపక్క తెరమీద కనబడేది, కుడిపక్క చెవిన పడేది. సీన్ల నంబర్లు, అంచులు, అక్షరాల సైజు ఒక పూటలో పట్టుబడతాయి. కుడిపక్క ఏం కొట్టేయాలో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అరకు గిరిజనుల నృత్యం థింసా మీద లఘుచిత్రం తీయబోతున్న ఒక కుర్రాడు తన స్క్రిప్టు చూపించాడు. బోడ థింసా, గుండేరి థింసా, పులిదాడిని చూపే బాగ్ థింసా అన్నీ ఉన్నాయి. నా మనసు మాత్రం పొతార్ తోలా దగ్గర ఆగిపోయింది. అది ఆకులు ఏరే థింసా. ఆడవాళ్లు రెండు వరుసలుగా నిలబడి, ఒకరి భుజాలమీద ఒకరు చేతులు వేసుకుని, తలలు అటూ ఇటూ తిప్పుతూ ముందుకీ వెనక్కీ కదులుతారు. మొదటి డ్రాఫ్టులో ఈ కదలికలన్నీ వ్యాఖ్యానంలో మళ్లీ చెప్పాడు. కంటికి కనబడుతున్నది చెవికి మళ్లీ చెప్పడం ఎందుకండీ? రెండో డ్రాఫ్టులో ఒక్క వాక్యం మిగిలింది, ఇది ఆకులు ఏరే ఆట అని. కింద వాద్యాల పేర్లతో ఇలా రాశాడు: “తుడుము, డప్పు, మోరి. అడుగుల చప్పుడు దగ్గరగా. వ్యాఖ్యానం లేదు.” ఆ పేజీ చదువుతుంటే నాకు తుడుము వినబడింది.

‘వ్యాఖ్యానం లేదు’ అని రాసి పెట్టడం చాలా అవసరం. సౌండు రికార్డు చేసే మనిషి చూసుకునేది కుడిపక్కే. అక్కడ అడుగుల చప్పుడు రాసి ఉంటేనే మైకు నేల దగ్గరకు దిగుతుంది. లేకపోతే ఎడిటింగులో ఏదో అరువు సంగీతం వచ్చి కూర్చుంటుంది.

అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ మార్గంలో రైలు సొరంగంలో దూరినప్పుడల్లా నాకు ‘నైట్ మెయిల్’ గుర్తొస్తుంది. స్కాట్లండుకు ఉత్తరాలు మోసే రాత్రిరైలు మీద 1936లో బ్రిటిష్ తపాలాశాఖ తీసిన చిత్రం. చివర్లో కవి ఆడెన్ పద్యం, స్వరకర్త బ్రిటెన్ సంగీతం చక్రాల లయతో కలిసి పరుగెడతాయి. నేను డాక్యుమెంటరీ వినడం నేర్చుకున్నది అక్కడే. ఆడెన్ రాసినవాటిలో కొండలను వధించిన గుర్రాలతో పోల్చిన పాదం ఒకటుంది. దానికి దీటైన దృశ్యం తమ దగ్గర లేదని ఆ పాదాన్ని తీసేశారు. అంతటి కవి మాటకే కోత తప్పలేదు!

మనం మాత్రం వ్యాఖ్యాత గొంతు ఆగగానే ఫోను అందుకుంటాం. అది మంచి అలవాటు కాదండీ. మాట ఆగినచోటే చిత్రం మనతో మాట్లాడుతుంది. ఈసారి అక్కడ కాస్త ఆగి వినండి. అడుగుల చప్పుడు మీదాకా వచ్చిందంటే, ఎవరో ఓపిగ్గా ఆ స్క్రిప్టు తిరగరాశారన్నమాట.