శస్త్రచికిత్స తరువాత కిరణచికిత్స

నోటిలోనో గొంతులోనో పుట్టిన కాన్సరును శస్త్రవైద్యుడు తొలగించిన పిమ్మట, కుట్లు మానినవి గనుక జబ్బు పోయినదని ఇంటివారు తలచుట సహజం. కాని గడ్డ పెద్దదైనప్పుడు, మెడలోని గ్రంథులకు వ్యాధి పాకినప్పుడు, చికిత్స అప్పటికి సగమే ముగిసినట్లు. మిగిలిన సగం కిరణచికిత్స. దానిని ఎప్పుడు ప్రారంభించవలెను?

శస్త్రం ముందా, కిరణం ముందా అని ఒకప్పుడు వైద్యులలో వాదం ఉండెను. 1973లో అమెరికాలో ఆరంభమైన ఒక పరిశోధనలో కొందరికి శస్త్రచికిత్సకు ముందు 50 గ్రేలు, కొందరికి తరువాత 60 గ్రేల కిరణాలు ఇచ్చి పోల్చి చూచిరి. గ్రే అనగా శరీరం గ్రహించిన కిరణశక్తికి కొలత. తరువాత ఇచ్చిన వారిలోనే వ్యాధి అదే చోట మరల తలయెత్తుట తగ్గినది.

అయితే ఎంత తరువాత? గాయం మానకముందే కిరణాలు పడరాదు; అందుకు సాధారణంగా నాలుగు వారాలు పట్టును. అట్లని కాలయాపన తగదు. కంటికి కానరాని కణాలు కొన్ని మిగిలియుండిన, పైపైన కోసిన తుంగవలె మరల చిగుర్చును. కనుక ఆరు వారాలు దాటకుండ ప్రారంభించవలెనని నేటి వైద్యుల నియమం. రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి ఐదు రోజులు, మొత్తం 60 నుండి 66 గ్రేలు. అనగా మరి ఆరేడు వారాలు. శస్త్రచికిత్స నాటినుండి లెక్కించి సుమారు 11 వారాలలో అంతయు ముగియుట మేలు. నడుమ మానిన దినాలును నష్టమే.

కోసిన అంచున వ్యాధి మిగిలినను, గ్రంథి పొరను దాటి వెలుపలికి వచ్చినను, కిరణాలతోపాటు సిస్‌ప్లాటిన్ అను మందు కూడ ఇత్తురు. దాని ప్రయోజనాన్ని 2004లో ప్రకటితమైన రెండు పరిశోధనలు నిరూపించినవి.

ఆలస్యం తరచు చిన్న కారణాలవలననే కలుగును. పుచ్చిపళ్లు వానిలో ఒకటి. కిరణాలు సోకిన దవడలో పన్ను తీసినచో ఎముక మానక చెడిపోవచ్చును. కనుక దంతవైద్యునికి ముందే చూపవలెను. రెండవది దూరం. చుట్ట మండు కొనను నోటిలో ఉంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటున్న ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో, అంగిటి కాన్సరు వచ్చిన స్త్రీ ఆరేడు వారాలు నగరంలో ఉండవలెనన్న, తోడు ఎవరు, బస ఎక్కడ, ఇంటిపని ఎవరికి? ఈ ఏర్పాట్లు శస్త్రచికిత్సకు ముందే జరుగవలెను.

ఆసుపత్రి విడుచునాడు ఇంటివారు వైద్యుని అడుగవలసిన ప్రశ్న ఒక్కటి: "కిరణచికిత్స అవసరమా? అవసరమైనచో ఏ తేదీన రావలెను?" ఆ తేదీని వ్రాయించుకొని మరీ ఇల్లు చేరవలెను.