గాలిమరలు – కొండల అందం – గ్రామాల మాట
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయంలో గతాన్ని స్మరించుకోవడం సముచితం. రాబోయే తరానికి ఏమి అప్పగించబోతున్నారో ఆలోచించడం అంతకంటె అవసరం. తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల బిడ్డలకు పెద్దలు అప్పగించే ఆస్తిలో ఇంటిభాష ఒకటి. కొండలు, చెరువులు, పొలాలతో కూడిన ఈ నేల రెండవది. ఈ రెండవ ఆస్తిని గురించే నేటి ప్రసంగం.

ఇక్కడి కుటుంబాలలో తిరుమల యాత్ర చేయనివి అరుదు. స్వామి దర్శనం చేసుకొని పాపవినాశనం దారిని పట్టినవారికి కొండపై తెల్లని గాలిమరలు కనిపిస్తాయి. వాటిని చూడగానే ప్రయాణికులలో రెండు మాటలు పుడతాయి. కొండ అందం చెడినదని ఒకరంటారు. బొగ్గు కాల్చకుండా దీపం వెలుగుతున్నది, అంతకంటె అందమేమున్నదని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ సత్యమున్నది. అందుకే ఈ వాదం తేలికగా తెగదు.

గాలిమరలు అందమైన కొండలనే వెదుక్కొని రావడానికి కారణం భౌతికశాస్త్రం చెబుతుంది. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరించి ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కొండశిఖరాలపైన, కనుమలలోన గాలి వేగం హెచ్చు. తమిళనాడులో నైరుతి పవనాలు పాలక్కాడు, సెంగోట్టై, ఆరల్వాయ్‌మొళి కనుమల గుండా దూసుకువస్తాయి. 1986లో తూత్తుకుడి సమీపాన ముళ్ళక్కాడులో చిన్న ప్రయత్నంగా ప్రారంభమైన పవన విద్యుత్తు, 2023 నాటికి ఈ రాష్ట్రంలో 10,000 మెగావాట్లను దాటినది. కన్యాకుమారి జిల్లా ముప్పందల్‌లో పైరుకు బదులు గాలిమరలే మొలిచినట్లు తోస్తుంది.

గాలిమర వద్దనేవారు ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. వద్దంటే విద్యుత్తు ఎక్కడి నుండి రావాలి? ఈ ప్రశ్నకు జవాబు తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్నది. పళ్ళిపట్టు, పూండి మీదుగా పారే కొసస్థలి నది ఎన్నూరు వద్ద సముద్రాన్ని చేరుతుంది. అదే ముఖద్వారం చెంత ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. దాని బూడిద ఆ నదీముఖంలోని కయ్యలలో చేరి, చేపలకు, వాటిపై బ్రతికే జాలరి కుటుంబాలకు చేసిన హాని న్యాయస్థానాల వరకు వెళ్ళినది. ఎగువన పైరుకు నీరిచ్చిన నదియే దిగువన బూడిద మోస్తున్నది. కనుక పవన విద్యుత్తును కాదనడం సులభం, దాని స్థానంలో వచ్చేదానిని భరించడం కష్టం.

అయితే గాలి స్వచ్ఛమైనది గనుక గాలిమరను నిలిపే పద్ధతి కూడ స్వచ్ఛమేనని అనుకోరాదు. ఇందుకు కల్పవల్లి కథ నిదర్శనం.

నాటి అనంతపురం జిల్లాలో, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి పరిసరాల కొండలు ఒకప్పుడు బోడికొండలు. వాన తక్కువ, గాలి ఎక్కువ అయిన సీమ అది. 1990ల ప్రారంభం నుండి టింబక్టు కలెక్టివ్ సంస్థ తోడ్పాటుతో ముష్టికోవిల మొదలైన గ్రామాలవారు ఆ కొండలకు కావలి కాశారు. వేసవిలో నిప్పు అంటుకోకుండా చూశారు. గొడ్డలి పడకుండా ఆపారు. కొన్ని మొక్కలు నాటారు, తక్కినవాటిని నేల తానే మొలిపించుకోవడానికి వ్యవధి ఇచ్చారు. వేల ఎకరాలలో చెట్టుచేమలు తిరిగి వచ్చినవి. వంకల వెంట ఈతచెట్లు పెరిగినవి. జీవాలకు మేత, చాపలకు చీపుర్లకు ఈతాకు, చెరువులకు నీరు లభించినవి. తోడేళ్ళు, చిరుతలు కూడ మరల ఆ కొండలలో తిరుగసాగినవి. గ్రామస్థులు సహకార సంఘంగా ఏర్పడి ఆ అడవిని కాపాడుకున్నారు.

కాని ప్రభుత్వ దస్తరాలలో ఆ నేల పేరు బంజరు. ఆ పేరును బట్టియే అది పవన విద్యుత్ కేంద్రానికి దక్కినది. 50.4 మెగావాట్ల నల్లకొండ కేంద్రంలోని 63 గాలిమరలలో పలు మరలు కల్పవల్లి కొండలపై లేచినవి. గాలిమర పాదానికి పట్టే చోటు కొద్దిదే. దాని పొడవాటి రెక్కలను, భారీ క్రేన్లను శిఖరానికి చేర్చడానికి వెడల్పయిన బాట కావాలి. ఆ బాటల కోసం కొండల నొసళ్ళు తొలిచారు. చెట్లు కూలినవి. తవ్విన మట్టి వానకు జారి వాగులలోకి, చెరువులలోకి దిగినది. ఇరవై ఏండ్లు కాచిన అడవి గుండా లారీలు నడిచినవి.

ఈ వివాదం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల పీఠం ముందుకు వచ్చినది. చట్టంలోని చిక్కు అప్పుడు పలువురికి తెలిసినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనలో పవన విద్యుత్తు చేరలేదు. అందుచేత నిర్మాణానికి ముందు ఆ చట్టం క్రింద ప్రభావాన్ని అంచనా వేయడం గాని, ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపడం గాని తప్పనిసరి కాలేదు. ఊరివారి మాట వినవలసిన ఘట్టమే ఆ చట్టంలో లేకపోయినది.

కాగితం మీది పేరుకు, నేల మీది నిజానికి గల దూరం తిరుత్తణివారికి తెలియనిది కాదు. 1960 ఏప్రిల్ 1న ఈ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రానికి మారినది. ఆ ఉదయం దస్తరాలలో రాష్ట్రం పేరు మారినది గాని, ఇంటిలో తల్లి బిడ్డను పిలిచే భాష మారలేదు. ఆ భాష నిలిచినందుకే ఈ పాఠశాలలో తెలుగు పలక, తెలుగు పాఠం నిలిచినవి. అదే విధంగా, దస్తరంలో బంజరు అని వ్రాసినంతమాత్రాన మేతబీడు బంజరు కాబోదు. గొర్రెల కాపరిని అడిగితే ఆ నేలకు వేరే పేరు చెబుతాడు.

ఇటువంటి తగవు ఒక్క రాయలసీమది కాదు. ఇంగ్లండులో పల్లెసీమల అందం చెడుతుందన్న ఆందోళన పెరిగి, 2015లో వచ్చిన కఠిన నియమాల వలన నేలపై కొత్త గాలిమరల నిర్మాణం దాదాపు నిలిచిపోయినది. 2024లో కాని ఆ నియమాలను తొలగించలేదు. డెన్మార్కు మరొక దారి చూపినది. కోపెన్‌హేగన్ నగరానికి ఎదురుగా సముద్రంలో 2000 సంవత్సరంలో నిలిపిన 20 గాలిమరలలో సగం వేలాది సామాన్యులు సభ్యులైన సహకార సంఘానివి. కంటికి ఎదురుగా తిరిగే మరలో తన వాటా కూడ ఉన్నదని తెలిసినవానికి దాని రూపు అంతగా వెగటు కాదు. ఒక ప్రజలు అందాన్ని ప్రేమించి, మరొక ప్రజలు విస్మరించారని చెప్పడానికి వీలులేదు. ముందుగా అడిగారా, తరువాత పంచారా అన్న రెండు ప్రశ్నలే ఫలితాన్ని నిర్ణయించినవి.

కనుక గాలిమర కావాలా, కొండ కావాలా అని బిడ్డలను అడగడం సరియైన ప్రశ్న కాదు. కొండను ఎరిగినవారిని అడిగిన తరువాతనే గాలిమర నిలవాలి. బాట ఏ వంకను దాటుతుందో, ఏ చెరువులోకి మట్టి దిగుతుందో ముందే లెక్క చూడాలి. అడవి తిరిగి మొలిచిన చోటును విడిచి, నిజంగా బీడైన చోటును ఎన్నుకోవాలి. వచ్చే ఆదాయంలో ఊరికి వాటా ఉండాలి. ఇవి అభివృద్ధికి అడ్డుపుల్లలు కావు. అభివృద్ధిని న్యాయం చేసే షరతులు.

ఈ విషయంలో పాఠశాల చేయగల పని ఒకటున్నది. ప్రతి విద్యార్థి తన ఊరి చెరువు, వంక, మేతబీడు, గుట్ట పేర్లను తాతనడిగి, అవ్వనడిగి తెలుగులో వ్రాసి, పటం గీయాలి. ఏ నెలలో ఏ పశువు ఎక్కడ మేస్తుందో, ఏ వాన నీరు ఎటు పారుతుందో గుర్తించాలి. ఉపాధ్యాయులు ఆ పుస్తకాలను గ్రంథాలయంలో భద్రపరచాలి. రేపు గాలిమర గాని, రహదారి గాని, కర్మాగారం గాని వచ్చినప్పుడు, ఇది బంజరు అని ఒక కాగితం చెబితే, కాదు అని చెప్పగల మరొక కాగితం ఊరి చేతిలో ఉంటుంది. ఆ కాగితం వ్రాయగల అక్షరం నేర్పినందుకే డెబ్బది అయిదేండ్ల ఈ విద్యాలయానికి ఇందరు కృతజ్ఞులై నేడు చేతులు జోడిస్తున్నారు.

విద్యాలయం శతవసంతాలు చూడవలెనని, ఆనాటి బిడ్డలు కూడ ఈ కొండల పేర్లను తెలుగులో పలుకవలెనని ఆకాంక్ష.

స్వస్తి.