ఫార్మసీలో చేరే మన పిల్లలు – కాగితాల సంగతి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు మీద నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. చదువు గొప్పదని చెప్పడానికి మేము అక్కరలేదు. ఎండలో సైకిలు మీద ఊరూరా బట్టలమ్మి బిడ్డను ఇంటర్ దాకా చదివించిన తండ్రికి ఆ సంగతి మాకన్న ఎక్కువ తెలుసు. మేము చెప్పదలచింది కాగితాల సంగతి. ర్యాంకు వచ్చి, సీటు కూడా వచ్చి, ఒక్క కాగితం సరిగా లేక ఆగిపోయే పిల్లలున్నారు. ఈ నష్టం చూసీ చూసీ మాకు కడుపు మండుతున్నది.

ఫార్మసీ మాటే ఎందుకంటే, మన ఇండ్లల్లో ఇప్పుడు ఆ చదువు మీద ఆశ పెరిగింది. డాక్టరు చదువుకు అంత సొమ్ము లేదు. మందుల షాపు పెట్టుకోవచ్చు, ఆసుపత్రిలో చేరవచ్చు, చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీలకు పోవచ్చు. ఆడపిల్లలను పంపడానికి కూడా తల్లులు ఒప్పుకుంటున్నారు. మంచిదే.

ఇంటర్‌లో బైపీసీ చదివినవారూ, ఎంపీసీ చదివినవారూ ఇద్దరూ అర్హులే. బి.ఫార్మసీ నాలుగేండ్లు, ఫార్మ్-డి ఆరేండ్లు. ఈ రెంటికీ ప్రవేశ పరీక్ష రాయాలె. మనం ఎంసెట్ అని పిలుచుకున్న ఆ పరీక్షకు 2024 నుంచి ఈఏపీసెట్ అని పేరు. రెండేండ్ల డి.ఫార్మసీకి ఆ పరీక్ష లేదు, ఇంటర్ మార్కుల మీదనే సీటిస్తారు. డి.ఫార్మసీ ముగించినవారు ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పైసలు తక్కువున్న ఇంటికి ఇది మంచి తోవ అని మా అభిప్రాయం.

ఇక కాగితాలు. ర్యాంకు కార్డు, హాల్ టికెట్టు, ఆధార్, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. వినడానికి ఇంతే. చిక్కంతా మన పేర్లలోనే ఉన్నది.

పదో తరగతి మెమోలో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో 'ఎస్‌కె' అని ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట మహమ్మద్, ఒకచోట ఎండి, ఇంకొకచోట మొహమ్మద్. తల్లి పేరు చివర ఒక కాగితంలో బీ, మరొకదానిలో బేగం. మనకు అందరూ ఒకటే మనుషులు. బల్ల అవతల కూర్చున్న గుమాస్తాకు ముగ్గురు వేరువేరు మనుషులు. ఆయన్ను తిట్టి లాభం లేదు, ఆయన ముందున్నది అక్షరాలే. ఎక్కడైనా చివరికి నిలిచేది పదో తరగతి మెమో. కాబట్టి మిగతా కాగితాలను దానికి సరిపోయేటట్టు దిద్దించుకోవాలె. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జన్మలో రెండుసార్లే వీలు, అందుచేత తొందరపడి తప్పుగా దిద్దించవద్దు. ఇంకా పదికి రాని పిల్లలున్న ఇండ్లకు ఈ బాధ లేదు. పరీక్షకు పేర్లు పంపేటప్పుడు హెడ్‌మాస్టరు దగ్గరికి తండ్రో తల్లో పోయి, ఆ జాబితాలో ఒక్కొక్క అక్షరం చూసి రావాలె. గంట పని.

రెండో చిక్కు మదర్సా సంవత్సరాలు. హిఫ్జ్ కోసం బడి మాన్పించి, మళ్లీ బడిలో చేర్పించిన పిల్లలు మనలో తక్కువేమీ లేరు. ఆ చదువు మీద మాకు గౌరవమే. కాని ఏ సంవత్సరం ఎక్కడ చదివినాడన్నది కాగితం మీద చూపించవలసి వస్తుంది. స్థానికుడా కాదా అన్న లెక్క మొదట ఇంటర్‌తో ముగిసే నాలుగు వరుస సంవత్సరాల మీద చూస్తారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు ఇక్కడే వరుసగా చదివినవానికి భయం లేదు. ఆ నడుమ వేరే రాష్ట్రం మదర్సాకు పంపితేనే తంటా. బడికి పోకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టినవారు తహసీల్దారు దగ్గర నివాస ధ్రువపత్రం తీసుకోవాలె. అది ఒక్క పూటలో చేతికి వచ్చేది కాదు, ఫలితాలు రాకముందే మీసేవలో దరఖాస్తు పెట్టండి.

కులం మాట. 2007 చట్టం ప్రకారం మన వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం ఉన్నది. సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తున్నది. షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్, ధోబీ ముస్లిం, అత్తరు సాయిబులు మొదలైన 14 వర్గాలకు అది వర్తిస్తుంది. దూదేకుల వారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాల వారికి బీసీ-ఇ లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే వారు ఈడబ్ల్యూఎస్ పత్రానికి పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఊరుకున్న ఇండ్లున్నాయి. బడి రికార్డులో కులం గడిలో వట్టి 'ముస్లిం' అని రాయించి వదిలేస్తే తర్వాత విచారణలో తిరగవలసి వస్తుంది.

ఫీజు వాపసుకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఆ సంవత్సరం జనవరి 1 తర్వాత ఇచ్చిన ఆదాయ పత్రమే చెల్లుతుంది, పాతది పనికిరాదు. యజమాని గల్ఫ్‌లో ఉంటే ఆ సంపాదన దాచి పత్రం తీసుకోవద్దు. ఆ గల్ఫ్ మాటతోనే మరొకటి: ఆధార్‌కు తండ్రి నెంబరు కలిపి ఉంటుంది. ఇక్కడ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంటే ఓటీపీ సౌదీకి పోతుంది, అక్కడ ఆయన డ్యూటీలో ఉంటాడు. పిల్లల పేరు మీద వాళ్ల నెంబరే కలిపించండి.

సీటు వచ్చిందని మిఠాయి పంచి ఊరుకుంటే చాలదు. గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో స్వయంగా రిపోర్టు చెయ్యాలె. లేకుంటే ఆ సీటు దానంతటదే రద్దవుతుంది. తర్వాత కాలేజీకి పోయి అసలు టీసీ, మిగతావాటికి జిరాక్సు కాపీల సెట్టు ఇవ్వాలె. అసలు మెమోలు అక్కడ వదిలి రావద్దు. ఇచ్చినదానికి రసీదు అడగండి; అడగడానికి మొహమాటం ఎందుకు?

కాలేజీని ఎంచుకొనేటప్పుడే ఒకటి చూడాలె. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్నదా లేదా. 1948 నాటి ఫార్మసీ చట్టం కింద ఆ గుర్తింపు లేని చోట చదివితే ఫార్మసిస్టుగా నమోదు కాలేరు. నమోదు లేనిదే మందులిచ్చే హక్కు లేదు. కొందరు చదివి, తమ సర్టిఫికెటును ఎవరి షాపుకో కిరాయికిచ్చి ఇంట్లో కూర్చుంటున్నారు. ఆ పనికి మన పిల్లలను పంపవద్దు.

ఎంపీసీ పిల్లలు జీవశాస్త్రం రాదని జంకుతారు. బి.ఫార్మసీ మొదటి సెమిస్టరులో వాళ్లకు జీవశాస్త్రం, బైపీసీ వాళ్లకు గణితం మొదటి నుంచి చెప్పే పాఠాలున్నాయి. హాజరు తగ్గకుండా చూసుకుంటే చాలు. తగ్గితే ఫీజు వాపసు ఆగుతుంది.

సభ ముగిసిన తర్వాత మా వాళ్లు ఆ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. మెమో, ఆధార్ తెచ్చినవారు రండి, రెండూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూద్దాము. తేనివారు వచ్చే ఆదివారం తెచ్చుకోండి. పదో తరగతికి వచ్చిన పిల్లలుంటే వాళ్లను కూడా వెంట తీసుకురండి.