నొసటి రాత కాదు, అడంగల్ రాత చూసుకుందాం

(మండల రైతు సంఘం మహాసభలో సంఘం కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను మైకు పట్టుకుంటే ఎరువుల ధరతో మొదలుపెడతానని మీకు తెలుసు. ఈరోజు దాని జోలికి పోను. మనం రోజూ వాడే ఒక చిన్న మాట గురించి మాట్లాడతాను. ఆ మాట "రాత".

పంట ఎండితే రాత అంటాం. బోరు పడకపోతే రాత అంటాం. మార్కెట్టుకు సరుకు తోలిన రోజే ధర పడిపోతే అదీ రాతే. నేను పదో తరగతి వరకే చదివాను, వేదాంతం చెప్పేంత చదువు నాకు లేదు. ముప్పై ఏళ్లుగా ఈ అనంతపురం ఎర్రనేలల్లో శెనక్కాయ వేస్తున్నాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెప్తాను.

కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఒక కౌలు రైతు ప్రాణం తీసుకున్నాడు. నాకు వరుసకు మేనల్లుడు. సొంతం రెండెకరాలు, కౌలుకు ఆరెకరాలు. రెండేళ్లు వరసగా పంట పోయింది. మూడో ఏడు కాయ పట్టే సమయానికి నెల రోజులు వాన మొహం చాటేసింది. నేను పరామర్శకు పోయినాను. ఏం మాట్లాడాలో తెలియక, అందరూ అనే మాటే నేనూ అన్నాను. "ఏం చేస్తాం అమ్మా, వాని రాత అట్ల రాసిపెట్టి ఉండాది" అన్నాను.

ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసింది. "ఎవురు రాసినారు మామా? పేరు చెప్పు, పొయ్యి అడుగుదాం" అంది.

నా దగ్గర జవాబు లేదు. అప్పటికే ఇరవై ఏళ్లుగా సంఘంలో ఉన్నవాణ్ని, ఆ ముందటి నెల కూడా మా ఇంటి అరుగు మీద నా పక్కనే కూర్చుని పోయినాడు వాడు. అప్పు ఎంత ఉందని నేను అడగలేదు. అడగకపోవడం నా తప్పు. ఆ తప్పును కూడా నేను "రాత" అన్న మాట కింద దాచేసినాను. ఆ రోజు నుంచి ఆ మాట నా నోటికి అంత సులువుగా రావడం లేదు.

వాన మన చేతిలో లేదు. అది ఒప్పుకోవాలి. మృగశిరలో పడాలో, ఆరుద్రలో పడాలో మనం చెప్పలేం. కానీ వాన తప్పడం ఒక సంగతి, వాన తప్పితే మనిషి చచ్చిపోవడం ఇంకో సంగతి. మొదటిది ఆకాశం పని. రెండోది మనుషులు రాసిన రాత. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి దేవుని మీద వేస్తున్నాం.

మన పెద్దలు ధాత కరువు గురించి చెప్పేవాళ్లు. 1876లో వచ్చిన ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. ధాత అంటే బ్రహ్మ అని కూడా అర్థం. నొసటి మీద రాసేది ఆయనే అంటారు కదా, కాబట్టి ఆ చావులన్నీ ఆయన రాతే అనుకోవడం జనానికి సులువైంది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఒక్క కర్నూలు జిల్లాలోనే దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయినారు. బళ్లారి, కడప జిల్లాలు కూడా అల్లాడిపోయినాయి.

వాన పడలేదు, నిజమే. కానీ ఆ ఏళ్లలోనే ఈ దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమలు ఓడల్లో పోతూనే ఉన్నాయి. రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కరువు పనుల్లో కూలి తగ్గించినాడు. మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది ఏ మూలకు? ఆ లెక్క రాసింది ధాత కాదు, టెంపుల్. ఆ కాలంలోనే కరువు వచ్చినప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి అంబలి పోయించినాడు. వాన లేమి ఇద్దరికీ ఒక్కటే. ఒకరు కూలి కోస్తే, ఇంకొకరు గాదె తెరిచినారు.

తర్వాత కూడా మన సీమలో కరువులు ఆగలేదు. కానీ ధాత కరువులో లాగా ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోవడం లేదు. రేషన్ బియ్యం వచ్చినాయి. ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఇంటికి ఏడాదికి వంద రోజుల పని అన్న ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. వాన మారలేదు. మారింది చట్టం. చట్టాలు ఊరికే మారవు, అడిగేవాళ్లు ఉంటేనే మారతాయి.

"నారు పోసినవాడు నీరు పోయడా" అని సామెత ఉంది. మంచి సామెతే, కష్టంలో ధైర్యం ఇస్తుంది. కానీ రైతుగా ఆలోచించండి. మన మడిలో నారు పోసేది ఎవరు? మనమే. మరి నీళ్లు ఎవరు పోసినారు? 1937 నవంబరులో మద్రాసులో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో రాయలసీమకు ముందు చోటు ఇస్తామని పెద్దలు కాగితం మీద రాసుకున్నారు. శ్రీశైలం వెనుక జలాలు మల్యాల దగ్గర ఎత్తిపోసి, హంద్రీ-నీవా కాలువ మీదుగా జీడిపల్లి జలాశయానికి చేరింది 2012లో. అంటే 75 ఏళ్లు. ఆ మధ్యలో ఎన్ని పాదయాత్రలు, ఎన్ని ధర్నాలు, ఎన్ని కేసులు! మన అవ్వాతాతలు "మా సీమ రాత ఇంతే" అని కూర్చుని ఉంటే ఆ కాగితం కాగితంగానే ఉండేది. పిల్లకాలువల కోసం మనం ఇంకా అడుగుతూనే ఉన్నాం. అడగడం ఆపితే అదే మన రాత అయిపోతుంది.

ఇక మన పంటల బీమా సంగతికి వద్దాం. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో దిగుబడిని బట్టి పరిహారం ఎట్లా లెక్క కడతారో ఎంతమందికి తెలుసు? మీ ఒక్కరి చేను చూసి ఇవ్వరు. ఊరినో, కొన్ని ఊళ్లనో ఒక యూనిట్‌గా పెట్టి, కొన్ని చేలు ఎంచి పంట కోత ప్రయోగం చేస్తారు. వచ్చిన సగటును హామీ దిగుబడితో పోలుస్తారు. హామీ దిగుబడి 400 కిలోలు అనుకోండి. ఈ ఏడు సగటు 300 వస్తే లోటు నాలుగో వంతు. బీమా మొత్తంలో నాలుగో వంతు వస్తుంది. సగటు 400 దాటిందా, మీ చేను మాడి మసైపోయినా దిగుబడి లెక్కలో పైసా రాదు.

ఆ హామీ దిగుబడి ఎట్లా వస్తుంది? గడిచిన ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు తీసుకుని, అందులో 70, 80 లేదా 90 శాతం కడతారు. మనలాంటి కరువు నేలలో ఏడేళ్లలో మంచి ఐదేళ్లు ఎక్కడుంటాయి? నిన్నటి కరువు ఈ లెక్కలోకి వచ్చి రేపటి పరిహారాన్ని తగ్గిస్తుంది. కరువు ఎక్కువైనకొద్దీ హామీ తగ్గుతుంది. ఇది బ్రహ్మ రాసిన రాతా? కాదు. మనుషులు కూర్చుని రాసిన సూత్రం. మనుషులు రాసిందాన్ని మనుషులు మార్చవచ్చు. ఈ సూత్రం మార్చాలని మన సంఘం అడగాలి. కోత ప్రయోగం రోజున ఊరి రైతులు చేను దగ్గర నిలబడాలి. ఆ తూకం కాటా మీద పడే అంకె మన ఊరి రాత.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నా ప్రసంగం సగమే అవుతుంది. "తలరాత ఏమీ లేదు, అంతా నీ చేతిలోనే ఉంది, కష్టపడితే పైకొస్తావు" అని చెప్పేవాళ్లు ఈమధ్య ఎక్కువైనారు. వినడానికి బాగుంటుంది. కానీ దాని అర్థం ఏమిటి? నష్టపోయినవాడు కష్టపడలేదనే కదా! నా మేనల్లుడు మా ఊళ్లో అందరికంటే ముందు నిద్ర లేచేవాడు. వాని కష్టంలో లోపం లేదు. విత్తనం ధర వాని చేతిలో లేదు, కాయ ధర వాని చేతిలో లేదు, వడ్డీ వాని చేతిలో లేదు. ఒంటరి రైతుకు "నీ బతుకు నీ చేతిలో ఉంది" అని చెప్పడం, "అంతా నీ రాత" అని చెప్పినంత తప్పే. రెండు మాటలూ చివరికి మనిషిని ఒంటరిగా వదిలేస్తాయి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. పరిహారం కోసం దరఖాస్తు పెట్టినాం. ఇట్లాంటి కేసుల్లో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకులు ఉండే త్రిసభ్య కమిటీ విచారణ చేస్తుంది. మొదటిసారి కాగితాలు వెనక్కి వచ్చినాయి. ఎందుకు? అడంగల్‌లో అనుభవదారు గడిలో వాని పేరు లేదు. ఆరెకరాలు దున్నిన మనిషి, కాగితం మీద రెండెకరాల రైతు. రెండెకరాలకు అంత అప్పు ఎట్లా అవుతుందని అడిగినారు. అప్పుడు తెలిసింది నాకు, వాని రాత ఎక్కడ రాసి ఉందో. నొసటి మీద కాదు, అడంగల్‌లో. రాయకుండా వదిలేసిన ఆ ఖాళీ గడిలో.

విత్తనాల బిల్లులు వెతికినాం. ట్రాక్టరు తోలినవాని చేత, పక్క చేను రైతుల చేత సాక్ష్యం చెప్పించినాం. చివరికి భూమి యజమాని కూడా వచ్చి నిజం చెప్పినాడు. ఆయన చెడ్డవాడు కాదు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయపడినాడు, అంతే. రెండోసారి విచారణలో కేసు ఒప్పుకున్నారు. డబ్బు వచ్చింది. మనిషి రాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు మన సంఘంలో ఉంది. ఈ సభకు వచ్చింది. పేరు చెప్పొద్దంది.

కౌలుదారుల కోసం 2011లో చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులు అన్నారు. 2019లో దాని చోట పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు 11 నెలలకు ఇస్తారు. దానితో భూమి మీద హక్కు రాదు, పంట మీద మాత్రమే హక్కు వస్తుంది. యజమానులు భయపడాల్సిన పని లేదు. కానీ ఆయన సంతకం లేకుండా కార్డు రాకపోవడమే ఇందులోని పెద్ద ముడి. ఆ ముడి విప్పమని సర్కారును అడుగుతూనే, ఈలోగా మన ఊళ్లలో యజమానులను కూర్చోబెట్టి నచ్చజెప్పాలి. యజమానుల్లో సగం మంది మన బంధువులే కదా!

అడిగితే ఏమవుతుందని కొందరు అంటారు. 2020లో కేంద్రం మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చింది. నవంబరు 26 నుంచి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో, సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌ల దగ్గర కూర్చున్నారు. చలి, ఎండ, వాన, కరోనా, అన్నీ చూసినారు. చాలామంది తిరిగి ఇళ్లకు పోలేదు. ఆ చట్టాలు ఇక మారవు అన్నవాళ్లే ఏడాది తర్వాత, 2021 నవంబరులో రద్దు చేసినారు. ఆ రైతుల్లో దేవుణ్ని నమ్మనివాళ్లు ఎంతమంది? చాలా కొద్దిమంది. అక్కడే లంగరు నడిపినారు, అక్కడే ప్రార్థన చేసినారు. మీరు గుడికి పోవద్దని నేను చెప్పడం లేదు. నేనూ పోతాను. వానల కోసం మొక్కుకుంటాను. కానీ వడ్డీ కోసం, ధర కోసం, అడంగల్ కోసం దేవుని దగ్గరికి పోను. అవి ఆయన రాయలేదు.

ఇంటికి పోయేముందు నాలుగు పనులు గుర్తుపెట్టుకోండి. విత్తనం పడకముందే కౌలు కార్డు సంగతి తేల్చుకోండి. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ జాబితా చూసి మీ పేరు, పంట, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో చదవండి, చదవలేకపోతే మీ పిల్లలతో చదివించండి. విత్తనాల, ఎరువుల, మందుల బిల్లులు ఒక సంచిలో దాచండి. కోత ప్రయోగం తేదీ కనుక్కుని నలుగురితో అక్కడికి పోండి.

చివరగా, అప్పు మీద పడి రాత్రి నిద్ర పట్టనివాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. ఒంటరిగా ఉండకండి. టెలి మానస్ అని 14416 నంబరు ఉంది, ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు కంటే ముందు మా ఇంటి తలుపు కొట్టండి. ఇకమీద నా అరుగు మీద కూర్చున్న ఎవరినైనా సరే, "అప్పు ఎంత ఉంది?" అని నేనే అడుగుతాను. మీరు కూడా మీ పక్కవాణ్ని అడగండి. సిగ్గుపడకండి.

సెలవు.