మెడపూసల శస్త్రచికిత్స: ముందునుండియా, వెనుకనుండియా?

మెడనొప్పి ఎరుగని ఇల్లు అరుదు. మెడలో ఏడు వెన్నుపూసలు కలవు. వయసు మీరినకొలది వాని నడుమనుండు డిస్కులు, అనగా మెత్తని బిళ్లలు, ఎండి పలుచబడును; పూసల అంచులలో ఎముక పెరుగును. తల నెరయుటవంటిదే ఈ మార్పు. నొప్పి మాత్రమే ఉన్నవారిలో అనేకులకు వ్యాయామము, మందులు చాలును.

కాని పెరిగిన ఎముకయో, జారిన బిళ్లయో వెన్నుపామును నొక్కినచో సంగతి వేరు. గుండీ పెట్టుకొనుటకు వ్రేళ్లు తడబడును, అన్నము కలుపుట కష్టమగును, నడక తూలును. మెడలో నొప్పి లేకపోవచ్చును కూడ. కనుకనే దీనిని ముసలితనమని సరిపెట్టుకొని కాలము పుచ్చువారున్నారు. ఒత్తిడి ముదిరిన పిమ్మట శస్త్రచికిత్స చేసినను పోయిన శక్తి అంతయు తిరిగిరాకపోవచ్చును.

శస్త్రచికిత్స తప్పదని తేలినపుడు రెండు దారులు కలవు. మొదటిది ముందుదారి. 1955లో అమెరికాలో రాబిన్సన్, స్మిత్ అను వైద్యులు దీనిని వెల్లడించిరి. కంఠము ప్రక్కనుండి ప్రవేశించి, చెడిన బిళ్లను తొలగించి, పై పూసను క్రింది పూసతో అతికింతురు. రెండవది వెనుకదారి. ఇందు పూసల వెనుకనున్న ఎముక కప్పును తీసివేసి వెన్నుపామునకు చోటు కల్పింతురు. అవసరమైనచో మరలతో పూసలను బిగింతురు. కప్పును తీయక, తలుపువలె ఒకవైపు తెరచి నిలుపు పద్ధతిని జపాను వైద్యుడు హిరబయాషి 1970 తరువాతి సంవత్సరములలో రూపొందించెను.

ఏది మేలు? ఒత్తిడి ఒకటిరెండు చోట్ల, ముందువైపునుండియే వచ్చుచున్నచో సాధారణముగ ముందుదారి తగును. పెక్కుచోట్ల ఒత్తిడి ఉండి, మెడ సహజమైన వంపును నిలుపుకొన్నచో వెనుకదారి తగును. అపుడు వెన్నుపాము వెనుకకు జరిగి తెరిపి పొందును. మెడ ముందునకు వంగిపోయినచో వెనుక కప్పు తీసినంతమాత్రమున ఆ తెరిపి కలుగదు.

ఏదైనను సరిపడునని నిపుణులు తలచిన 163 మంది రోగులపై ఉత్తర అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితములు 2021లో వెలువడినవి. ఏడాది గడచునప్పటికి రెండు వర్గములవారి శారీరకశక్తిలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఉపద్రవములు మాత్రము ముందుదారివారిలో నూటికి సుమారు 48 మందికి, వెనుకదారివారిలో 24 మందికి కలిగెను. ముందుదారిలో హెచ్చుగా కనబడినది మ్రింగుటలో ఇబ్బంది. ఆ దారిని గొంతు బొంగురుపోవుటయు కలదు. మావలె గొంతుతో జీవించువారు ఈ సంగతి ముందుగనే వైద్యునికి చెప్పవలెను. వెనుకదారిలో మెడకండరముల నొప్పి, కొందరికి చేయి పైకెత్తలేని బలహీనత కలుగవచ్చును.

కావున ఏ దారి గొప్పదని అడుగుటకంటె, ఒత్తిడి ఎటునుండి, ఎన్నిచోట్ల, మెడ వంపు ఎట్లున్నది అని ఎం.ఆర్.ఐ., ఎక్స్‌రే చిత్రములు ఎదుట ఉంచుకొని అడుగుడు. ఈ దారినే ఏల ఎన్నుకొన్నారో వివరించు వైద్యునియెడ మనకు నమ్మకము కుదురును. వ్రేళ్లు తడబడుచున్నచో ఆ ప్రశ్నలకై ఆలస్యము చేయవలదు.