మేడిపండును విప్పి చూచిన విద్య

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

పద్మశాలి కులబంధువులారా!

ఇట్టి మహాసభలయందు విద్యను గూర్చి ప్రసంగించువారు సామాన్యముగా వైద్యవిద్యను, ఇంజనీరింగును, ప్రభుత్వోద్యోగములను ప్రశంసించి ముగింతురు. అవి ప్రశంసార్హములే. నేను నేడు మనలో పెక్కుమంది పేరైనను విని యుండని యొక విద్యను గూర్చి విన్నవింప దలచితిని. చెట్లకును పురుగులకును గల సంబంధమును పరిశోధించు శాస్త్రమది. జీవావరణశాస్త్రమున నొక శాఖ. చెట్టును, పురుగును చూచుచు కూర్చుండువారికి జీతమెవ రిత్తురని కొందఱు నవ్వవచ్చును. ఆ నవ్వునకు సమాధానము చెప్పవలసిన యవసరము నేటి సభలోనే కలదు. ఆ సంగతి తుదను విన్నవింతును.

ముందుగా మన వృత్తిని తలచుకొనుడు. భావనాఋషి తామరతూటి దారముతో దేవతలకు వస్త్రము నేసెనని మన కులగాథ. నాటినుండి నేటివఱకు మన కూడు దారమునందే యున్నది. నూలుదారమును మొక్క యిచ్చినది. పట్టుదారమును పురు గిచ్చినది. ఆ పురుగునకు ఆహార మిచ్చినది మరల చెట్టే. పట్టుపురుగు మల్బరీయాకును, మహాదేవపురపు అడవులలోని దసలిపురుగు మద్దియాకును తిని దారము వడకుచున్నవి. కావున చెట్టునకు పురుగునకు గల సంబంధము మనకు పరాయి విషయము కాదు.

పట్టుపురుగు మల్బరీయాకునే యేల తినవలె? ఆ యాకును ఇతరపురుగు లేల తిని బ్రదుకలేవు? ఈ ప్రశ్నకు జపానుదేశపు శాస్త్రజ్ఞుడు కొటారో కొన్నోయు, ఆయన సహచరులును 2006లో ఒక చక్కని సమాధానము ప్రకటించిరి. మల్బరీయాకును త్రుంచినప్పుడు పాలు స్రవించును గదా! ఆ పాలలో చక్కెరను బోలియుండియు చక్కెర కాని పదార్థములు కలవు. ఇతరజాతుల గొంగళిపురుగులు వానిని తినినచో, తిన్న చక్కెర యొంట బట్టక, ఎదుగుదల నిలిచిపోవును. పట్టుపురుగునకు మాత్ర మే హానియు లేదు. అనగా చెట్టు తన్ను గాచుకొనుటకు విషమును కూర్చుకొనినది. ఒక్క పురుగు ఆ విషమును దాటు విద్యను నేర్చినది. మన పట్టుచీర యా విద్యాఫలమే.

చెట్ల యాకులలోని చేదులును, ఘాటులును నిరర్థకములు గావనియు, అవి కీటకములపై ప్రయోగించు ఆయుధములనియు ఫ్రెంకెల్ అను శాస్త్రజ్ఞుడు 1959లో వాదించెను. చెట్టు క్రొత్తవిషమును కల్పింపగా పురుగు దానిని దాటుటయు, పురుగు దాటగా చెట్టు వేఱొకదానిని కల్పించుటయు యుగయుగములుగా జరుగుచున్నదని 1964లో ఎర్లిక్, రేవెన్ అను నిరువురు సిద్ధాంతము చేసిరి. దీనిని మనము సహపరిణామ మనవచ్చును.

ఇట్టి విద్యకు జీవితమంతయు ధారవోసిన యొక యాచార్యుని చరిత్రమును క్లుప్తముగా చెప్పెదను. ఆయన పేరు డేనియల్ జాన్జెన్. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1939లో జన్మించెను. మెక్సికో మొదలు మధ్యఅమెరికావఱకు ఒక తుమ్మజాతి చెట్టు కలదు. దాని ముండ్లు ఎద్దుకొమ్ములవలె బలిసి లోపల గుల్లగా నుండును. ఆ గుల్లలలో చీమలు కాపురముండును. చెట్టు చీమలకు ఇల్లిచ్చుటయే గాక, ఆకుకాడలయందు తేనెను, ఆకుకొనలయందు పుష్టికరములగు చిన్న గుళికలను గూడ సమర్పించును. తామస్ బెల్ట్ అను గనుల ఇంజనీరు నికరాగ్వాదేశమున ఈ వింతను చూచి, చీమలు చెట్టునకు కావలి కాయుచున్నవని 1874లో వ్రాసెను. తరువాతి పండితులు కొందఱు దానిని నమ్మలేదు. చీమలు ఉచితముగా తిని కూర్చుండు అతిథులే గాని రక్షకులు కావనిరి. ఈ వాదము ఇంచుమించు తొంబది సంవత్సరములు తెగలేదు.

జాన్జెన్ కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున పరిశోధకవిద్యార్థిగా నుండి, పండితుల నడుగుట మాని చెట్టునే యడిగెను. కొన్ని చెట్లనుండి చీమలను తొలగించెను, కొన్నిటియందు ఉండనిచ్చెను. మాసముల తరబడి రెంటిని కొలిచి వ్రాసికొనెను. చీమలు పోయిన చెట్లను పురుగులు తినివేసెను, తీగలు క్రమ్ముకొనెను. అవి ఎదుగక పెక్కులు చచ్చెను. చీమలున్న చెట్లు పచ్చగా పెరిగెను. వచ్చిన పురుగును కఱచి తఱుముటయే గాక, చెట్టుపై ప్రాకవచ్చిన తీగను గూడ చీమలు కొఱికివేయుట ఆయన చూచెను. 1965లో డాక్టరు పట్టమును పొంది, 1966లో ఈ పరిశోధనను ప్రకటించెను. 1973లో సహచరులతో గూడి మఱియొక విశేషమును బయటపెట్టెను. ఇతర తుమ్మల యాకులలో నుండు విషపదార్థములు ఈ చీమలతుమ్మలలో లేవట! కావలివాడున్న యింటికి తాళముతో పని యేమి?

1976లో ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చేరెను. కోస్టారికాదేశపు అడవులలో గొంగళిపురుగులను సేకరించి, ఏ పురుగు ఏ యాకును తినునో, పెరిగి ఏ సీతాకోకచిలుక యగునో చూచి వ్రాయు మహాకార్యమును 1978లో ఆరంభించెను. అది దశాబ్దముల తరబడి సాగినది. 1775నుండి ఒకేజాతిగా నెంచబడిన యొక సీతాకోకచిలుక నిజమునకు పది జాతుల సముదాయమని 2004లో ఆయనయు, సహచరులును ప్రకటించిరి. రెక్కలు చూడ నొక్కటే. గొంగళిపురుగుల రంగులును, అవి తిను ఆకులును వేఱు. ఏ పురుగు ఏ యాకున దొరకినదో యోపికతో వ్రాసి యుంచకున్నచో ఆ భేదము తెలిసెడిది కాదు.

స్వీడనుదేశపు విద్వత్పరిషత్తు 1984లో ఆయనకు క్రాఫోర్డ్ పురస్కారము నొసగెను. భార్య విన్నీ హాల్వాక్స్‌తో గూడి ఆయన 1980 దశకమధ్యమున గ్వానకాస్టే ప్రాంతమున పశువుల బీళ్లుగా మాఱిన భూములను మరల అడవిగా చేయు ఉద్యమమునకు పూనెను. ఆ ప్రాంతము 1999లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడినది. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. పురుగులను పెంచి, గుర్తించి, వ్రాసియుంచు పనిని ఆయన పెద్దచదువులు లేని స్థానికగ్రామీణులకు నేర్పి, వారిచే చేయించెను. చేతిపనియందు ఓపిక గలవారికి ఆ శాస్త్రము తలుపు తెఱచినది. పోగుపోగునకు ముడివేయగల మన బిడ్డలకు ఓపిక యొకరు నేర్పవలయునా?

ఇది పరదేశపు ముచ్చట యనుకొనవద్దు. మన మేడిచెట్టునకు రండు. పైకి చూడ చక్కగా నుండి, లోపల పురుగులుండుటచే మేడిపండు మనలో కపటమున కుపమానమైనది. సంస్కృతమున పువ్వు కనబడకయే ఫలించు వృక్షమునకు వనస్పతి యని పేరు. ఉదుంబరపుష్పము దుర్లభవస్తువున కుపమానము. మేడికి పువ్వులు లేకపోలేదు. మనము కాయ యనునది లోపలికి ముడుచుకొనిన పూలగుత్తి. వందలకొలది సన్నని పువ్వులు ఆ గోళములో దాగియున్నవి. గాలియు, తుమ్మెదయు చొరలేని ఆ యింటికి పుప్పొడిని తెచ్చునది నువ్వుగింజకంటె చిన్నదగు ఒకజాతి కందిరీగ. ఆడురీగ కాయకొననున్న యిఱుకుద్వారమున దూరునప్పుడు రెక్కలు సైతము తెగిపోవును. లోపల పువ్వులకు పుప్పొడి నంటించి, కొన్ని పువ్వులలో గ్రుడ్లుపెట్టి, అందే ప్రాణము విడుచును. దాని సంతానములో రెక్కలులేని మగవి ముందు పుట్టి, ఆడువానితో గూడి, అవి వెలుపలికి పోవుటకు కాయకు రంధ్రము తొలిచి, తాము చచ్చును. ఆడువి పుప్పొడిని మోసికొని మఱియొక చెట్టును వెదకికొని పోవును. ఆ పురుగు లేనిచో మేడికి గింజ లేదు. మేడి లేనిచో ఆ పురుగునకు వంశము లేదు. మనము దోషమనుకొన్నది ఆ చెట్టునకు వంశాధారము!

ఈ మేడిచెట్టునే బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థలోని జీవావరణశాస్త్ర కేంద్రమున ఆచార్య రెనీ బోర్జెస్ అను విదుషీమణి శిష్యులతో గూడి బహుకాలము పరిశోధించెను. కాయ ఏ దశలో ఏ వాసనను వెదజల్లి ఏ రీగను పిలుచును, పుప్పొడి మోయక కాయను మాత్రము వాడుకొను దొంగరీగ లెవ్వి, చెట్టుపై తిరుగు చీమలు వానిని ఎట్లు పట్టును అనునవి ఆ పరిశోధనలోని ప్రశ్నలు. మేడికాయను వెలుపలినుండియే తొలుచు నొకరీగ యొక్క సూదివంటి యవయవపుకొనలో జింకులోహ మున్నదని 2014లో ఆ సంస్థకే చెందిన ఇంజనీరింగు పరిశోధకులు ప్రకటించిరి. వెండ్రుకకంటె సన్నని సూది వంగకుండ గట్టికాయను తొలుచుట యంత్రనిర్మాతలకు పాఠము. ఇంజనీరింగునకును ఈ విద్యకును వైరము లేదనుట కిది చాలును.

ఇక పత్తి మాట. నూలు లేనిదే మనకు మగ్గము లేదు. కాయతొలుచు పురుగును చంపు విషము మొక్కలోనే పుట్టునట్లు చేసిన బీటీ పత్తిని మనదేశమున 2002లో అనుమతించిరి. తొలుత మేలు కలిగినది. పురుగు విషమును దాటునను భయముచే, పొలముచుట్టు విషములేని పత్తివరుసలను గూడ నాటవలయునని శాస్త్రజ్ఞులు నియమము చేసిరి. అచ్చట పెరిగిన లొంగుబాటుగల పురుగులు తక్కినవానితో కలియుటచే, విషమును దాటు గుణము వేగముగా వ్యాపింపదని వారి యూహ. ఆ నియమమును పెక్కుచోట్ల పాటింపలేదు. గులాబిరంగు పురుగు ఆ విషమునకు లొంగకుండుట 2010లో గుజరాతున బయటపడినది. రెండువిషములు గల పత్తియు 2015 ప్రాంతమునకు దానిముందు ఓడినది. మల్బరీయాకు మీది పట్టుపురుగు చేసినదే పత్తికాయలోని పురుగును చేసినది. మొదటిది మనకు అన్నము పెట్టినది. రెండవది రైతునకు అప్పు పెట్టినది. ఈ విద్య తెలిసినవారు పల్లెపల్లెకు ఉన్నచో ఆ నియమపుటర్థము రైతునకు ముందే బోధపడి యుండును.

మహాశయులారా! తుదను విన్నవింతునన్న సంగతి యిది. మన విద్యానిధి నిబంధనల ప్రకారము వైద్యము, ఇంజనీరింగు చదువువారికే విద్యార్థివేతనము. ఈ సంవత్సరము ఒక మరమగ్గపు కూలివాని కుమార్తె, బి.ఎస్సీ. యందు మొదటితరగతి పొంది, జీవావరణశాస్త్రమున ఎం.ఎస్సీ. చదువుటకు సీటు సంపాదించుకొని, దరఖాస్తు పంపినది. నిబంధన అడ్డమై ఆ దరఖాస్తు నిలిచియున్నది. ఆమె తండ్రి, చదువు మాన్పించి బట్టలదుకాణమున పనికి పెట్టుదునా యని మన కార్యదర్శిగారిని అడిగెనట. నిబంధనను సవరించు ప్రతిపాదన నేటి మధ్యాహ్నము మీముందునకు వచ్చును.

ఈ చదువునందలి కష్టమును దాచి మిమ్ము ఒప్పించుట నాకిష్టము లేదు. ఎం.ఎస్సీ. రెండు సంవత్సరములు, అటుపిమ్మట డాక్టరు పట్టమునకు అయిదాఱు సంవత్సరములు పట్టును. ఎండలో, వానలో, జలగలనడుమ తిరుగవలసి యుండును. స్థిరోద్యోగము ఆలస్యముగా దొరకును. అయినను మార్గము లేకపోలేదు. జాతీయ అర్హతాపరీక్షలో నెగ్గి పరిశోధకవేతనము పొందినవారికి పరిశోధనాకాలమున వేతనము లభించును. విశ్వవిద్యాలయములయందు, వ్యవసాయ పరిశోధనసంస్థలయందు, అటవీశాఖలయందు ఈ విద్యతో పని యున్నది. లోటంతయు తొలి రెండు సంవత్సరములది. బీదవాని బిడ్డ వెనుదిరుగునది ఆ మెట్టుమీదనే. విద్యానిధి చేయి అందింపవలసినదియు అచ్చటనే.

దాతలారా! ఫలితము రేపే కనబడు చదువులకు ధనమిచ్చువారు పెక్కండ్రు కలరు. ఫలితము కొఱకు ఓపిక పట్టవలసిన చదువునకు కులసంఘము గాక మఱెవ్వరు నిలుతురు? మేడిపండును విప్పి, పురుగును చూచి, ముక్కు మూసికొని పాఱవేయువారు వేలకొలది. ఆ పురుగు అచ్చట నేల యున్నదని కూర్చుండి చూచినవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో మన యింటిబిడ్డ యొకతె యుండుట మన కులమునకు గౌరవము. సవరణకు మీ యనుమతి నిచ్చి, ఆ దరఖాస్తును నేటి సాయంకాలమునకే మంజూరు చేయవలయునని చేతులు జోడించి ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.